ఎయిర్‌పోర్టు తనిఖీ: మనం భయపడుతున్నదేమిటి, అడగనిదేమిటి

కోనసీమలో పరదేశంలో ఒక్క మనిషైనా లేని వీధి వెతికినా దొరకదు. రాజోలు, మలికిపురం, ముమ్మిడివరం వైపు నుంచి కువైట్‌కూ మస్కట్‌కూ ఇళ్లల్లో పనికి వెళ్లే ఆడవాళ్లు ఒక తీరు; భీమవరం, తణుకు, అమలాపురం నుంచి అమెరికాలోని కూతుళ్లకు పురుళ్లు పోయడానికి బయలుదేరే తల్లులు మరొక తీరు. నేను ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే మనిషిని కాబట్టి, ప్రయాణం దగ్గరపడ్డాక ఈ రెండు తీరుల వాళ్లూ నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఎయిర్‌పోర్టులో ఆ మిషన్‌లోంచి నడిస్తే ఒంటికి ఏమైనా అవుతుందా, కడుపుతో ఉన్నవాళ్లు వెళ్లవచ్చా, నాన్నగారికి పేస్‌మేకర్ వేశారు ఎలా, ఆత్రేయపురం పూతరేకులు ఎక్స్‌రేలోంచి వెళ్లి వచ్చాక మనవలకు పెట్టవచ్చా.

వీటిలో ఏదీ వెర్రి ప్రశ్న కాదు. దేనికీ భయపెట్టే జవాబూ లేదు. అయితే ఇన్నేళ్లలో ఎవరూ నన్ను అడగని ప్రశ్న ఒకటుంది: నా ఒంటిని ఎవరు, ఎంతవరకు, ఏ చట్టం ప్రకారం తడిమి చూడవచ్చు, నాకు ఇష్టం లేకపోతే మరో దారి ఉందా అని. పదిహేనేళ్ల కిందట అమెరికాలోనూ యూరప్‌లోనూ ఈ యంత్రాల మీద జరిగిన రచ్చను దగ్గరగా చదివినదాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. ఆరోగ్యం గురించి పడే దిగులులో సగమైనా ఈ ప్రశ్న మీద పెట్టి ఉంటే, మన విమానాశ్రయాల్లో తనిఖీ ఇప్పుడున్నట్టు ఉండేది కాదు.

ముందు ఆరోగ్యం సంగతి తేల్చుకుందాం. జనం "ఆ మిషన్" అనే మాటలో నాలుగు వేర్వేరు యంత్రాలు కలిసిపోయి ఉన్నాయి. మనం నడిచి దాటే ద్వారబంధం లాంటిది మెటల్ డిటెక్టర్. అందులో ఉండేది బలహీనమైన అయస్కాంత క్షేత్రం, ఎక్స్‌రే కాదు. చేతిలో పట్టుకుని ఒంటి చుట్టూ తిప్పే కర్ర కూడా ఆ జాతిదే. కడుపుతో ఉన్నవాళ్లు ఈ రెండింటికీ భయపడనక్కర లేదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు కార్డు చూపించి, ద్వారం దగ్గర ఆగకుండా మామూలు నడకతో దాటి, చేతి కర్రను గుండె మీద ఎక్కువసేపు ఉంచవద్దని చెబితే చాలు. మూడోది సామాను వెళ్లే బెల్టు. అందులో ఉన్నది నిజంగా ఎక్స్‌రేనే, కానీ సీసం పొరల మధ్య మూసి ఉంటుంది, ఆ కిరణాలు పడేది మన సంచి మీద. ఒకసారి అందులోంచి వెళ్లిన తినుబండారానికి తగిలేది ఒక మిల్లీరాడ్ (రేడియేషన్‌ను కొలిచే ఒక చిన్న ప్రమాణం) లేదా అంతకన్నా తక్కువని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ లెక్క. పరిసరాల్లోంచి ఏడాది పొడుగునా మనకు తగిలేది అక్కడి సగటున 360 మిల్లీరాడ్. పైగా ఎక్స్‌రే తగిలిన వస్తువు తానుగా రేడియేషన్ విడుదల చేయదు. పూతరేకులు నిశ్చింతగా తినవచ్చు, నలిగిపోకుండా తీసుకెళ్లగలిగితే.

అసలు వివాదమంతా నాలుగోదాని చుట్టూ, అంటే మనిషి మొత్తాన్ని చూసే బాడీ స్కానర్ చుట్టూ నడిచింది. 2009 డిసెంబర్ 25న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ వెళ్తున్న విమానంలో ఒక యువకుడు లోదుస్తుల్లో కుట్టుకొచ్చిన పేలుడు పదార్థానికి నిప్పు పెట్టబోయాడు. అందులో లోహం లేదు కాబట్టి మెటల్ డిటెక్టర్‌కు అది కనపడే అవకాశమే లేదు. ఆ మరుసటి ఏడాది అమెరికా విమానాశ్రయాల్లో రెండు రకాల స్కానర్లు బారులు తీరాయి. ఒకటి మిల్లీమీటర్ తరంగాలది. ఇది రేడియో తరంగాల కుటుంబానికి చెందింది, చర్మంలోకి ఒక మిల్లీమీటరైనా దిగదు, అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి దానికి లేదు. రెండోది బ్యాక్‌స్కాటర్. ఇది అచ్చమైన ఎక్స్‌రే. శరీరాన్ని దాటి వెళ్లేదాన్ని కాక, చర్మానికి తగిలి వెనక్కి చెదిరే కిరణాలను పట్టుకుని బొమ్మ గీస్తుంది.

ఈ బ్యాక్‌స్కాటర్ యంత్రానికి అమెరికా ప్రమాణం విధించిన హద్దు ఒక్కో స్కాన్‌కు 0.25 మైక్రోసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం ఇది). విమానం ఎగిరే ఎత్తులో అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల మనకు గంటకు సుమారు 3 నుంచి 5 మైక్రోసీవర్ట్‌లు తగులుతాయి, భూమధ్యరేఖ వైపు కొంచెం తక్కువ, ధ్రువాల వైపు కొంచెం ఎక్కువ. అంటే ఆ యంత్రం హద్దు అంచున పనిచేసినా, దానివల్ల తగిలేది విమానంలో మూడు నుంచి ఐదు నిమిషాలు కూర్చుంటే తగిలేదానికి సమానం. 2013లో అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం స్వయంగా కొలిచి చూస్తే అసలు విలువ ఆ హద్దులో ఇరవయ్యో వంతుకు కూడా రాలేదు.

ఈ అంకెలను నేను గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు ఇంకోలా చెబుతాను. వీసాకు ముందు చేయించుకునే మెడికల్‌లో క్షయ కోసం ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. ఒక్క ఛాతీ ఎక్స్‌రేకు పరికరాన్ని బట్టి 20 నుంచి 100 మైక్రోసీవర్ట్‌ల దాకా తగులుతుంది. పై హద్దు ప్రకారం చూసినా అది 80 నుంచి 400 బ్యాక్‌స్కాటర్ స్కాన్‌ల పెట్టు. ఆ ఎక్స్‌రేను ఎవరూ ప్రశ్నించరు. రిపోర్టు మీద సంతకం లేదనో ఇంకేదో వంక పెట్టి మళ్లీ తీయిస్తే మళ్లీ డబ్బు కట్టి, మళ్లీ ఛాతీ ఆనించి నిలబడతారు. తనిఖీ కర్రకు భయపడే అమ్మాయి, అనవసరంగా రెండోసారి తీసే ఎక్స్‌రేను మాత్రం మారుమాట లేకుండా ఒప్పుకుంటుంది. రేడియేషన్ గురించి అడగవలసిన చోటు ఏదైనా ఉంటే అది అక్కడుంది.

అలాగని అమెరికాలో భయపడినవాళ్లంతా చదువురానివాళ్లేమీ కాదు. 2010 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి జాన్ సెడాట్, డేవిడ్ అగార్డ్, రాబర్ట్ స్ట్రౌడ్, మార్క్ షుమన్ అనే నలుగురు ఆచార్యులు అధ్యక్షుడి శాస్త్ర సలహాదారుకు లేఖ రాశారు. బ్యాక్‌స్కాటర్ శక్తి ఎక్కువ భాగం చర్మంలోనూ దాని కింది పొరలోనూ ఆగిపోతుంది, దాన్ని ఒళ్లంతా పంచి సగటు చెబితే చర్మానికి తగిలిందెంతో కనపడదు, కాబట్టి బయటివాళ్లతో కొలిపించండి అన్నది వాళ్ల వాదన సారాంశం. వాళ్ల అనుమానాన్ని తరువాతి కొలతలు బలపరచలేదు. 2015లో అమెరికా జాతీయ అకాడమీల నివేదిక కూడా మోతాదులు హద్దుల్లోనే ఉన్నాయని చెప్పింది. అయినా ఆ నలుగురి పక్షాన ఒక మాట చెప్పాలి. వాళ్లు అడగకపోతే బయటివాళ్ల చేతికి ఆ యంత్రం వెళ్లి ఉండేది కాదేమో. పైగా ఒక మనిషికి తగిలేది అతి స్వల్పమే అయినా, కోట్లమంది మీద అవసరం లేని ఎక్స్‌రే వాడటం ఎందుకన్న ప్రశ్నకు "స్వల్పం" అన్నది పూర్తి జవాబు కాదు. యూరోపియన్ కమిషన్ 2011 నవంబర్‌లో సరిగ్గా ఆ దారిలోనే ఆలోచించి, ఎక్స్‌రే రకం స్కానర్లను తన విమానాశ్రయాల నుంచి తప్పించింది. పని చేసి పెట్టే మరో యంత్రం పక్కనే ఉన్నప్పుడు అది న్యాయమైన నిర్ణయమే.

అమెరికాలో మాత్రం బ్యాక్‌స్కాటర్ యంత్రాలు వెళ్లిపోయింది ఆరోగ్య కారణంతో కాదు. మొదట్లో ఆ యంత్రం గీసే బొమ్మలో మనిషి దాదాపు నగ్నంగా కనిపించేవాడు, దాన్ని వేరే గదిలో కూర్చున్న ఉద్యోగి చూసేవాడు. బొమ్మలను దాచడం, పంపడం కుదరదని భద్రతా సంస్థ హామీ ఇచ్చింది. తీరా చూస్తే, పరీక్షల పేరుతో దాచగలిగే, పంపగలిగే వీలు ఉండాలని ఆ సంస్థ కొనుగోలు పత్రాల్లోనే రాసి ఉందని 2010లో బయటపడింది. ఆ ఏడాదే ఫ్లోరిడాలోని ఒక కోర్టు భవనం దగ్గర వేరే రకం స్కానర్ తీసిన బొమ్మలు 35,000 దాకా దాచి ఉన్నాయని సమాచార హక్కు కింద అడిగిన పౌర సంఘానికి తెలిసింది. 2011 జులైలో వాషింగ్టన్ అప్పీలు కోర్టు స్కానర్లు రాజ్యాంగ విరుద్ధం కావని అంటూనే, ఇంతమంది ఒంటిని చూసే పద్ధతిని ప్రజల అభిప్రాయం అడగకుండా అమలు చేయడం తప్పని చెప్పింది. చివరికి మనిషి బొమ్మకు బదులు అందరికీ ఒకే గీతబొమ్మ చూపించాలని 2012లో పార్లమెంటు చట్టం చేసింది. బ్యాక్‌స్కాటర్ తయారీదారు ఆ సాఫ్ట్‌వేర్‌ను గడువులోగా ఇవ్వలేకపోవడంతో 2013లో ఆ యంత్రాలను విమానాశ్రయాల నుంచి ఎత్తేశారు. ఈ చరిత్రలో నాకు నచ్చేది యంత్రం ఓడిపోవడం కాదు. హామీ చట్టంగా మారేదాకా జనం వదలకపోవడం.

ఇంత చేసిన యంత్రం దొంగను పట్టిందా అంటే, ఆ లెక్క కూడా ఇబ్బందికరంగానే ఉంది. 2014లో మూడు అమెరికన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఈబేలో ఒక పాత బ్యాక్‌స్కాటర్ యంత్రాన్ని కొని పరీక్షించి, శరీరం పక్కన అంటించుకున్న తుపాకీ నల్లటి నేపథ్యంలో కలిసిపోయి కనిపించకుండా పోతుందని చూపించారు. 2015లో అమెరికా ప్రభుత్వ తనిఖీ బృందమే మారువేషంలో వెళ్లి నిషిద్ధ వస్తువులు తీసుకెళ్తే, 70 ప్రయత్నాల్లో 67 సార్లు దొరకలేదన్న వార్త బయటికి వచ్చింది. ఒంటిని అప్పగించి కొనుక్కున్న భద్రత నాణ్యత అది.

ఇక మన దగ్గరికి వద్దాం. మన తనిఖీ పద్ధతి కూడా దుర్ఘటనల వెంటే పెరిగింది. 1976లో జరిగిన హైజాక్ తరువాత 1978లో పౌర విమానయాన భద్రతా విభాగం ఏర్పడింది. 1985లో ఎయిర్ ఇండియా వారి కనిష్క విమానం సముద్రం మీద పేలి 329 మంది చనిపోయాక, 1987లో అది స్వతంత్ర శాఖ అయింది. 1999లో కాందహార్ హైజాక్ తరువాత విమానాశ్రయాల కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్) చేతికి రావడం మొదలైంది. కాబట్టి తనిఖీ ఎందుకు అని నేను అడగడం లేదు. ఆ విమానాల్లో ఎక్కేది మన పిల్లలే. 2019లో భద్రతా విభాగం మన విమానాశ్రయాల్లో మిల్లీమీటర్ తరంగాల స్కానర్లు పెట్టమని ఆదేశించింది. గడువులు జరుగుతూ వచ్చాయి. ఎక్స్‌రే రకాన్ని మనం దాటేశాం కాబట్టి ఆరోగ్యం విషయంలో మనకు ఆలస్యమే మేలు చేసింది.

కానీ ఆ స్కానర్ వస్తే చెయ్యి తగలదన్న ఆశ చీరకట్టుకు ఎంతవరకు వర్తిస్తుందో ఎవరూ చెప్పలేదు. 2010–11లో జర్మనీలోని హాంబర్గ్‌లో లక్షలమంది మీద ఈ రకం యంత్రాన్ని పరీక్షిస్తే, బట్టల మడతలకు కూడా అది అలారం కొట్టి చిరాకు పెట్టింది, దాంతో అప్పటికి జర్మనీ వాటిని పెట్టడం మానుకుంది. ప్యాంటూ చొక్కాల మడతలకే అలా మోగితే, కుచ్చిళ్లూ పమిటా నడుం దగ్గర దోపుడూ ఉన్న ఆరు గజాల చీర మాటేమిటి? సాఫ్ట్‌వేర్ అప్పటికన్నా మెరుగైన మాట నిజమే. అయినా చీర కట్టుకున్న ఎంతమంది మీద పరీక్షించారో, ఎన్నిసార్లు వృథాగా మోగిందో ప్రయాణికులకు చెప్పవలసిన అంకె అది. యంత్రం మోగితే తరువాత జరిగేది మళ్లీ చేత్తో తడమడమే.

ఆ తడమడం ఎలా ఉంటుందో ఆడవాళ్లకు తెలుసు, రాసేది తక్కువ. ఒకసారి ఒక విమానాశ్రయంలో నా ముందు రాజోలు వైపు ఆవిడ ఉంది, మొదటిసారి కువైట్ వెళ్తోంది. నిబంధన ప్రకారం ఆడవాళ్లను ఆడ కానిస్టేబులే, పరదా కట్టిన చిన్న అరలో చూడాలి. పరదా ఉంది, అటువైపు ఫ్యాన్ గాలికి సగం తొలగి ఉంది, వెనుక వరసలో ఉన్న మాకు లోపల జరిగేదంతా కనిపిస్తూనే ఉంది. కర్ర మంగళసూత్రం దగ్గర మోగింది, పమిట పిన్నీసు దగ్గర మోగింది, నడుం దగ్గర మోగింది. నడుం దగ్గర ఉన్నది లంగా బొందుకు కట్టుకున్న చిన్న గుడ్డసంచి. అందులో మడిచిన నోట్లూ, నాలుగు చిల్లర నాణేలూ, ఏజెంటు ఫోన్ నంబరు రాసిన చీటీ. కానిస్టేబుల్ హిందీలో అడుగుతోంది, ఈమెకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు, అర్థం కాని ప్రతిసారీ చీర ఇంకొంచెం పక్కకి జరుగుతోంది. నేను వెనక నుంచి తెలుగులో చెబితే అప్పుడు సంచి తీసి చూపించింది. కానిస్టేబుల్ చెడ్డ మనిషి కాదు. ఆవిడ వెనక యాభైమంది వరస ఉంది, ఆవిడకు తెలుగు రాదు, అంతే.

బయటికి వచ్చాక బెల్టు దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆమె నన్ను అడిగిన మాట ఇది: "మేడంగారూ, ఆ కర్ర ఒళ్లంతా తిప్పారు కదండీ, దానివల్ల గర్భసంచికి ఏమన్నా అవుద్దంటారా?" ఏమీ అవదమ్మా అని నిజమే చెప్పాను. పరదా సంగతి ఆమె ఎత్తలేదు. పిల్లల్ని వదిలి బయలుదేరిన మనిషి, గేటు దాటడమే పెద్ద గండం అనుకునే మనిషి, దాన్ని ఫిర్యాదు చేయదగ్గ విషయంగా అనుకోదు. ఆరోగ్యం గురించి అడగడానికి మనకు భాష ఉంది, డాక్టరును అడిగిన అలవాటు ఉంది. ఒంటి గౌరవం గురించి యూనిఫాంలో ఉన్నవాళ్లను అడిగిన అలవాటు లేదు.

అడిగితే ఏమవుతుందో రెండు ఉదాహరణలు చెబుతాను. తెలుగువాళ్లకు బాగా పరిచయమైన నర్తకి సుధా చంద్రన్ 2021 అక్టోబర్‌లో, ప్రతి ప్రయాణంలోనూ తన కృత్రిమ కాలును తీసి చూపించమంటున్నారని ఒక వీడియోలో ప్రధానికి మొరపెట్టుకున్నారు. ఆ వెంటనే సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పి, అసాధారణ పరిస్థితుల్లో తప్ప కృత్రిమ అవయవాలను తీయించకూడదన్నదే తమ నిబంధన అని ప్రకటించింది. అంటే నిబంధన ఉంది, గేటు దగ్గర అది ఎవరికీ తెలియదు, ఒక ప్రసిద్ధురాలు అడిగేదాకా బయటికి రాలేదు. పేరు లేని మనిషి కాలు తీసి బెల్టు మీద పెట్టే ఉంటాడు. రెండోది మా కొబ్బరికాయ. నూనె ఎక్కువ కాబట్టి మండుతుందన్న కారణంతో దాన్ని విమానంలో చేతిసంచిలో మామూలుగా రానివ్వరు. 2024 అక్టోబర్‌లో శబరిమల భక్తుల ఇరుముడి కోసం, ఎక్స్‌రే చూసి పేలుడు పదార్థాల పరీక్ష చేసి ఆ సీజన్ వరకు అనుమతించారు. మంచి పనే చేశారు. మా ప్రాంతం నుంచి మాల వేసుకునేవాళ్లు తక్కువమంది కాదు. గట్టిగా అడిగే గొంతు ఉంటే భద్రతా నిబంధనకు కూడా సడలింపు దొరుకుతుందని దీన్నిబట్టి తెలుస్తోంది. కొబ్బరికాయకు దొరికిన ఆ సడలింపు పరదా సరిగా మూయడానికీ, తెలుగు తెలిసిన ఒక కానిస్టేబుల్‌ను నిలబెట్టడానికీ దొరకదా?

ఒంటి తరువాత ముఖం. 2022 డిసెంబర్‌లో ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలైన డిజియాత్ర 2023లో హైదరాబాద్‌కూ విజయవాడకూ, 2024లో విశాఖకూ వచ్చింది. ముఖం చూపించి గేటు దాటే ఈ పద్ధతి మంచి సౌకర్యమే, వరస తగ్గుతుంది, నేనూ కాదనను. సమాచారం ప్రయాణికుడి ఫోన్‌లోనే ఉంటుందనీ, విమానాశ్రయం దగ్గరున్నది 24 గంటల్లో చెరిపేస్తారనీ అంటున్నారు. దీన్ని నడిపే ఫౌండేషన్ ప్రభుత్వ శాఖ కాదు; అందులో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాటా 26 శాతం, మిగిలింది ఐదు విమానాశ్రయ కంపెనీలది. ఇది ఐచ్ఛికమని ప్రభుత్వం పదేపదే చెప్పినా, గేటు దగ్గర సిబ్బంది సరిగా చెప్పకుండానే ఫోటో తీసి నమోదు చేశారన్న ఫిర్యాదులు వచ్చాయి. ఇంగ్లీషు తెరను చూడగానే వేలు పెట్టమన్నచోట పెట్టే మా ఊరి పెద్దవాళ్ల విషయంలో "సమ్మతి" అన్నది ఎంత పలచనో చెప్పనక్కర లేదు. అమెరికాలో బొమ్మలు దాచబోమన్న హామీకి ఏ గతి పట్టిందో చూశాక, చెరిపేస్తాం అన్న హామీని బయటివాళ్లు తనిఖీ చేయాలని కోరడం అపనమ్మకం కాదు, అనుభవం.

మనకు ఆధారం లేకపోలేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ హక్కును తగ్గించాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, చర్య ఆ ప్రయోజనానికి తగినంతే ఉండాలి. విమాన భద్రత న్యాయమైన ప్రయోజనమే, అందులో వాదన లేదు. తగినంతేనా అన్నది మాత్రం ప్రతి యంత్రానికీ, ప్రతి పద్ధతికీ విడివిడిగా అడగాలి. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతి గురించి మంచి మాటలే చెబుతుంది, కానీ దేశ భద్రత పేరుతో కేంద్రం తనకు నచ్చిన సంస్థను దాని పరిధి నుంచి తప్పించే వీలునూ అదే చట్టం ఇచ్చింది.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు పరదాలేమిటి, గోప్యతేమిటి అని మా స్టాఫ్‌రూంలోనే ఒక పెద్దాయన వాదిస్తారు. కనిష్కలో పోయిన 329 మందిని ఆయన గుర్తు చేస్తారు, సరైన మాటే. కానీ ఆ విమానంలో బాంబు ఎక్కింది ప్రయాణికుడి ఒంటి మీద కాదు, యజమాని ఎక్కకుండానే లోపలికి వెళ్లిపోయిన సూట్‌కేసులో. దానికి పనికొచ్చిన మందు, సామానునూ మనిషినీ జత చూసే పద్ధతి. దానికోసం ఎవరి పమిటా జరగనక్కర లేదు. భద్రత పెంచే చర్యలన్నీ ఒంటిమీద చెయ్యి వేసేవే అయి ఉండనక్కర లేదు. అలాగే పరదాను సరిగా కట్టినంత మాత్రాన తనిఖీ బలహీనపడదు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. స్కానర్ ఉన్నచోట అది ఏ రకమో, ఎక్స్‌రేనో కాదో, తీసిన బొమ్మ ఏమవుతుందో, వద్దనుకుంటే మరో దారి ఏమిటో తెలుగులో ఒక బోర్డు. యూరప్‌లో ఈ రెండో దారిని నిబంధనల్లోనే రాశారు. చేత్తో తనిఖీ చేసే అరకు గాలికి తొలగని తలుపు. చీరకట్టు మీద ఎన్నిసార్లు వృథాగా మోగిందన్న లెక్క ఏడాదికొకసారి బయటపెట్టడం. వీటన్నిటికన్నా ముందు, ఫిర్యాదు ఎవరికి చేయాలో స్పష్టంగా చెప్పడం. ఇవాళ అది కూడా తేలదు. భవనం ఒక కంపెనీది, నిలబడి తనిఖీ చేసేది కేంద్ర బలగం, నిబంధన రాసేది ఢిల్లీలోని భద్రతా విభాగం, ముఖం నమోదు చేసుకునేది ఇంకో ఫౌండేషన్. తలుపు సంగతి అడిగితే ఒకరు రెండోవారిని చూపిస్తారు, రెండోవారు నిబంధనను చూపిస్తారు, ఆ నిబంధన కాపీ అడిగితే రహస్యం కాబట్టి ఇవ్వరు. రావులపాలెంలో రాత్రి కారెక్కి తెల్లవారేసరికి శంషాబాద్ చేరే ఆవిడ ఈ నలుగురిలో ఎవరి తలుపు తట్టాలో చెప్పే ఒక ఫోన్ నంబరు, తెలుగులో మాట్లాడే మనిషితో సహా, ఆవిడ బోర్డింగ్ పాస్ వెనక అచ్చు వేయడానికి ఏ కొత్త యంత్రమూ కొననక్కర లేదు.